పాత చక్రంతో వెళ్ళిన బోటు

మా ఆయన ఫ్రాన్సిస్‌కి భయాలు ఎక్కువ. బల్లి అంటే భయం, వీధికుక్క అంటే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అన్నిటికంటే పెద్ద భయం, తనకు రావలసిన డబ్బు తాను నోరు తెరిచి అడగడం. ఫిషింగ్ హార్బరులో మరబోట్ల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కుల్లో ఆయన చేతికి మంచి పేరుంది. ఆ పేరుతో ఇంట్లో బియ్యం డబ్బా నిండదు కదా, అదీ నా గొడవ.

ఒకసారి బాకీ వసూలుకని పొద్దున్నే ఒక బోటు ఓనరు ఇంటికి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక చొక్కా అంతా తడుపుకుని వచ్చాడు.

"ఇచ్చాడా?" అన్నాను.

"ఆళ్ళింట్లో నీళ్ళ మోటరు పాడైందే. సూసొచ్చాను."

"డబ్బులు?"

"టీ ఇచ్చారు," అన్నాడు.

నేను ఆయనలాంటి దాన్ని కాదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో, మా ఇంటి ముందు గదిలోనే కర్రీ పాయింటు నడుపుతాను. పప్పు, సాంబారు, రెండు వేపుళ్ళు, ఆదివారం చేపల పులుసు. డబ్బు చేతిలో పడ్డాకే కవరుకు రబ్బరు బ్యాండు వేస్తాను. రోజలిన్‌కి మొహమాటం లేదని సందులో చెప్పుకుంటారు. ఒకే కొంపలో మొహమాటం ఇద్దరికీ ఉంటే ఇద్దరమూ పస్తులుండాలి.

హార్బరు లెక్క తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. ఎండాకాలంలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం బోట్లను ఆపేస్తుంది. అన్నీ వరసగా జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఇంజన్లు విప్పేదీ, చెక్క మార్చేదీ, రంగు వేసేదీ అంతా అప్పుడే. వేట లేదు కాబట్టి ఓనర్ల చేతిలో డబ్బు ఆడదు. నిషేధం ఎత్తేశాక మొదటి వేట చేపలు అమ్మి ఇస్తామంటారు. అది అందరూ ఒప్పుకున్న పద్ధతే. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. కొందరు మాత్రం మొదటి వేట అయ్యాక రెండో వేట అంటారు, ఆ తర్వాత రొయ్య రేటు పడిపోయిందంటారు, ఆ తర్వాత మనం ఎదురొస్తే ఫోను చెవికి పెట్టుకుంటారు.

దీనికి మెకానిక్కులు ఒక విరుగుడు కనిపెట్టుకున్నారు. అనుమానం ఉన్న ఓనరైతే పనంతా పూర్తిచేసి, డీజిలు వెళ్ళే చిన్న గొట్టం ఒకటి తీసి జేబులో వేసుకుంటారు. "ఒక పని మిగిలుందండి" అంటారు. ఇంజను తిరగదు. ఓనరు తిట్టుకుంటూ డబ్బు తెస్తాడు, వీళ్ళు గొట్టం బిగించి దణ్ణం పెట్టి వచ్చేస్తారు. ఇందులో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. తిరగని బోటు జెట్టీ దాటదు.

మా ఆయన ఆ పని ఎన్నడూ చేయలేదు. ఇంజను తిరగకపోతే ఓనరు నలుగురిలో అరుస్తాడని భయం.

అచ్యుతరామయ్యగారని ఒక బోటు ఓనరు ఉన్నాడు. పెదవాల్తేరులో మేడ. గొంతు పెంచి ఎరగడు, ఎవర్నీ ఏరా అనడు. మా బాకీ ఎప్పుడడిగినా "నీ డబ్బెక్కడికి పోద్ది ఫ్రాన్సిసూ" అనేవాడు. నిజమే, ఎక్కడికీ పోలేదు, ఆయన దగ్గరే ఉండిపోయింది. కిందటేడు వేట మధ్యలో ఆయన బోటు ఇంజను చెడితే మా ఆయన మొత్తం విప్పి, సామాన్లు తన పూచీ మీద అప్పు తెచ్చి, బాగుచేసి ఇచ్చాడు. ఏడాది తిరిగింది. సామాన్ల షాపువాడు మాత్రం మా ఇంటికి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. నేను కూర అమ్ముకుంటుంటే పక్కన కూర్చుని చూసేవాడు.

ఈ ఏడు నిషేధంలో మళ్ళీ అదే బోటు. వెళ్ళొద్దన్నాను. పాత బాకీతో కలిపి ఇస్తానన్నారని వెళ్ళాడు. అప్పుడు నేను గట్టిగానే చెప్పాను, అందరూ ఏదో ఒకటి ఆపుకుంటారు, నువ్వెందుకు ఆపుకోవు అని. ఆ మాట అన్నందుకు నేనేం సిగ్గుపడను. ఏది ఆపాలో నేను చెప్పలేదు. ఇంజను సంగతులు నాకేం తెలుసు.

నిషేధం ఎత్తేసిన మర్నాడు పొద్దున నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. హార్బరుకని వెళ్ళిన మనిషి అప్పుడే తిరిగొచ్చి గుమ్మం మీద కూర్చున్నాడు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

"రోజీ, బోటు ఎల్లిపోనాది."

"ఏ బోటు?"

"అచ్యుతరామయ్యగారిది. వలలు రానేదు, నాలుగైదు రోజులు కదలదన్నారు. తీరా వలలొచ్చీసి, అందరితో పాటు రాత్రే పంపించీసేరంట."

"ఎల్తే మంచిదే కదా. సేపలొత్తే డబ్బులొత్తాయి."

ఆయన పనిముట్ల సంచిలోంచి నల్లటి రబ్బరు చక్రం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అరచేతిలో సరిపోయేంత ఉంది. చుట్టూ చిన్న చిన్న రెక్కలు. కొత్త రబ్బరు వాసన వేస్తోంది.

"ఇది ఆ బోటులో ఉండాలి," అన్నాడు.

అప్పుడు బయటపడింది సంగతి. బోటు ఇంజను నడుస్తున్నంతసేపూ ఒక పంపు సముద్రపు నీళ్ళు లోపలికి లాగి దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. ఆ నీళ్ళు లాగేది ఈ చక్రమే. పాత చక్రం రెక్కలు పగుళ్ళిచ్చి ఉన్నాయి. మార్చడానికి కొత్తది కొన్నాడు. సరిగ్గా అక్కడ నా మొగుడికి ధైర్యం వచ్చింది, అదీ సగమే వచ్చింది. గొట్టం తీస్తే ఇంజను తిరగదు, ఓనరు అరుస్తాడు. అందుకని పాత చక్రమే మళ్ళీ పెట్టి బిగించి, కొత్తది సంచిలో దాచుకున్నాడు. ఇంజను తిరిగింది. హార్బరు లోపల ఒక చుట్టు చక్కగా తిరిగి వచ్చింది. "ఒక పని మిగిలుందండి, డబ్బులిచ్చిన రోజున సేసేత్తాను" అని గొణిగాడు. ఏ పనో చెప్పలేదు. చెబితే ఓనరు ఆ ముక్క బయట కొని వేరేవాడితో వేయించుకుంటాడని.

ధైర్యం ఉన్నవాడు గొట్టం తీస్తాడు. పిరికివాడు ఏదీ తీయడు. ఈ రెంటికీ మధ్యన చేసిన పని ఇది.

"పాతది ఎంతసేపు ఆగుద్ది?"

"సెప్పలేం. ఆగితే ఆగుద్ది. రెక్కలిరిగితే ఇంజను ఏడెక్కి పట్టేత్తాది."

"పట్టేత్తే?"

"గాలి ఎటు తోత్తే అటెల్తాది."

బోటులో ఏడుగురున్నారు. నడిపే డ్రైవరు పైడయ్య నాకు బాగా తెలుసు. అతని భార్య చిట్టమ్మ జాలరిపేట నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి ఆదివారం పులుసుకు చేపలు ఇచ్చి వెళుతుంది. మిగిలిన ఆరుగురు, వల లాగే కలాసీలు, వాళ్ళ పేర్లు నాకు తెలియవు, మొహాలు తెలుసు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడుతోందని ముందురోజే టీవీలో చెప్పారు. పొయ్యి కట్టేశాను. పప్పు అలాగే వదిలేసి, తలుపుకు తాళం వేసి ఆయన వెంట నడిచాను.

అచ్యుతరామయ్యగారు వసారాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"రా ఫ్రాన్సిసూ. ఈసారి ఆడమనిసిని కూడా తెచ్చీసేవేటి?" అన్నాడు నవ్వుతూ.

మా ఆయన చెప్పాడు. నిలబడి, చేతులు కట్టుకుని, తడబడుతూ చెప్పాడు. చక్రం తీసి చూపించాడు. బోటును వెనక్కి పిలవమన్నాడు. ఓనరు అంతా విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"కిందటేడు మీ ఆవిడకి కడుపులో ఆపరేసనన్నావ్. డిసెంబర్లో మీ అమ్మ పోయిందన్నావ్. ఇప్పుడు నా బోటు ములిగిపోద్దంటన్నావ్."

నేను మా ఆయన వైపు చూశాను. నాకు ఏ ఆపరేషనూ జరగలేదు. మా అత్తగారు పోయి పన్నెండేళ్ళు. నా డబ్బు నాకియ్యి అనలేక ఈ మనిషి ఏడాది పొడుగునా నన్ను ఆస్పత్రిలో పడుకోబెట్టి, పోయిన తల్లిని మళ్ళీ చంపి అడుక్కున్నాడు. కోపం రావలసిన చోట నాకు కోపం రాలేదు. ఇక ఈయన మాట ఎవరూ నమ్మరని తెలిసి భయం వేసింది.

"డబ్బొద్దండి," అన్నాడు మా ఆయన. "మొత్తం వదిలేత్తాను. వైర్లెస్సులో పిలిపించండి సాలు."

"నువ్వు సెప్పినట్టు పని మిగిలిపోతే ఇంజను ఎలగ తిరిగింది? అందరి కళ్ళ ముందే బయల్దేరింది కదా."

"అదేనండీ నాను సేసిన తప్పు."

"మొదటి వేటకెల్లిన బోటుని ఎనక్కి పిలిత్తే డీజిలు ఖర్సు నువ్విత్తావా? ఐసు కరిగిపోతే నువ్విత్తావా?" అని లేచాడు. "బోటు రానీ. వచ్చినాక నీ లెక్క సూద్దాం."

నేను ఊరుకోలేదు. "ఆ ఏడుగురికీ ఏటైనా అయితే?" అన్నాను.

"అలగనకమ్మా, శుభమా అని ఎల్లారు," అని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు నెమ్మదిగా వేసుకున్నాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండింది.

అక్కణ్ణుంచి ఆటోలో హార్బరుకు. జెట్టీ దాదాపు ఖాళీగా ఉంది. ఐసు దొరకక ఎర్రయ్య అనే డ్రైవరు బోటు ఒకటి ఆగిపోయి, అప్పుడే నింపుకుంటోంది. మా ఆయన అతనికి మొత్తం చెప్పేశాడు. ఎర్రయ్య తిట్టలేదు. వైర్లెస్ సెట్టు పట్టుకుని పైడయ్యను పిలిచాడు. చాలాసేపు పిలిచాడు. గరగరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"అందనంత దూరం ఎల్లిపోనుంటారు. ఆడు వల ఏసే సోటు నాకు తెల్సు బావ, నాను అటే ఎల్తన్నాను. ఆ ముక్క ఇయ్యి, అందిత్తాను."

ఇచ్చేసి ఇంటికి వచ్చేయవచ్చు. ఇచ్చేస్తాడనే అనుకున్నాను. మా ఆయన చక్రాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"పాత రెక్కలిరిగి గొట్టాల్లోకి ఎల్లుంటే తియ్యడం మీ వల్ల కాదు," అన్నాడు. "నాను వత్తాను."

ఒక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళుగా బోటు ఇంజన్లతో బతుకుతున్న ఈ మనిషి ఒక్కనాడు కూడా అలల్ని ఆపే హార్బరు గోడ దాటి సముద్రంలోకి వెళ్ళలేదు. ఈత రాదు. జెట్టీకి కట్టిన బోటు కాస్త గట్టిగా ఊగితేనే డోకు వస్తుంది. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేశాడు, నీళ్ళతో వాళ్ళ వంశానికి సంబంధం లేదు.

"వద్దు," అన్నాను. నోటెంట వచ్చింది అదే. "నీకు సేతకాదు. కోస్ట్ గార్డోళ్ళకి సెబుదాం. నువ్వెల్లకు."

"ఆళ్ళకి నువ్వు సెప్పు. నాను ఎల్తాను."

ఆయన చేయి పట్టుకున్నాను. నా చేయి వదిలించుకుని, జెట్టీ నుంచి వేసిన చెక్క పలక మీద నాలుగు కాళ్ళతో పాకుతూ బోటులోకి వెళ్ళాడు. ఐసు మోసేవాళ్ళు నవ్వారు. ఆయన వెనక్కి చూడలేదు. బోటు గోడ దాటి అలల్లో లేచి పడటం మొదలుపెట్టాక ఒక మూల వంగి వాంతి చేసుకోవడం కనబడింది. ఆ తర్వాత బోటు తప్ప మనిషి కనబడలేదు.

నేను చేపల శాఖ ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. ఎందుకు ఆగిపోతుందనుకుంటున్నారు అని వాళ్ళు అడిగారు. మా ఆయన పాత ముక్క పెట్టాడండి అని పరాయి మనుషుల ముందు చెప్పడం అదే మొదటిసారి. వాళ్ళు బోటు నంబరు రాసుకుని, కోస్ట్ గార్డుకు కబురు పంపారు. అంతకంటే చేయగలిగింది నాకేమీ తోచలేదు. జెట్టీకి తిరిగొచ్చి, రాస్ హిల్ కొండ మీది మాత గుడి వైపు తిరిగి జపమాల పట్టుకున్నాను. ఒక్క ప్రార్థన పూర్తిగా చివరిదాకా రాలేదు. మధ్యలో రబ్బరు రెక్కలే కళ్ళ ముందు మెదిలాయి.

మర్నాడు పొద్దుటికి గాలి లేచింది. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. దగ్గరలో ఉన్న బోట్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయి. నేను ప్రతిదాని నంబరూ చూస్తున్నాను. ఎవరో వెనక నుంచి వచ్చి నా పక్కన ఖాళీ బుట్ట బోర్లించారు. చిట్టమ్మ.

"ఏటొదినా, పొయ్యి ఎలిగించకుండా ఇక్కడ కూకున్నావ్? మీ ఆయన ఎర్రయ్య బోటెక్కాడంట, నిజమేనేటి?"

అంతకుముందు పడ్డ భయం ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు. చెప్పకపోయినా నడుస్తుంది. ఏదో పని మీద వెళ్ళాడని అంటే ఆమె నమ్ముతుంది. చెబితే, జెట్టీ మీద ఉన్న ఆడవాళ్ళందరూ ఆమె మనుషులే, నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చినా అడ్డం వచ్చేవాళ్ళుండరు. అయినా ఆమె మొగుడు ఆ బోటులో ఉన్నాడు. చెప్పాను. చక్రం, బాకీ, అచ్యుతరామయ్యగారి వసారా, అన్నీ చెప్పాను.

చిట్టమ్మ అరవలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"మీకు డబ్బులియ్యనేదా?" అంది.

"ఒక్క పైసా ఇయ్యనేదొదినా."

"అదేటి? ఆ డబ్బులు మా వాటాల్లో కోసీసేరు కదా."

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. వేట నుంచి వచ్చిన చేపలు అమ్మాక డీజిలు, ఐసు, బియ్యం ఖర్చు తీసేసి, మిగిలింది ఓనరూ కలాసీలూ వాటాలు వేసుకుంటారు. కిందటేడు ఇంజను బాగుచేశాక, వరసగా ఎన్నో వేటలు, మెకానిక్ ఫ్రాన్సిస్ కూలీ అని చెప్పి ఓనరు వీళ్ళ వాటాల్లోంచి పట్టుకున్నాడట.

"మా గుంటకి కాలేజీ ఫీజు కట్టలేక ఆ నెల నా ముక్కుపుడక కుదువెట్టాం," అంది చిట్టమ్మ. "పోనీలే, ఫ్రాన్సిసు పని గట్టిగ సేత్తాడు, మనోళ్ళు సల్లగ తిరిగొత్తారు అనుకున్నాం."

అంతవరకూ నాకున్నది భయమొక్కటే. ఆ మాటతో సిగ్గు కూడా తోడైంది. మా కూలీ కడుపు కట్టుకుని ఇచ్చింది ఆ ఏడుగురు. ఇవ్వలేదన్న కోపంతో మా ఆయన పాత రబ్బరు పెట్టింది ఆ ఏడుగురి కిందే. మేడలో ఉయ్యాల మీద కూర్చున్నవాడికి తడి కూడా తగల్లేదు. ఈ మాట మా ఆయనకు ఎలా చెప్పను? ముందు ఆయన తిరిగొస్తే కదా చెప్పడం.

చిట్టమ్మ నా పక్కనే కూర్చుంది.

"నా మనిసి వచ్చేదాకా నువ్విక్కడ నుండి లెగవకు," అంది.

తోడుండమంటోందో, కాపలా కాస్తోందో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని అడిగే ధైర్యమూ లేదు. చినుకులు పడ్డాయి. ఇద్దరం లేవలేదు.

మధ్యాహ్నానికి ఎర్రయ్య బోటు వచ్చింది. మా ఆయన అందులో లేడు. నేను లేచి నిలబడ్డాను. నా బదులు చిట్టమ్మే కేక వేసింది. ఎర్రయ్య వెనక్కి చెయ్యి చూపించి, "వత్తన్నారు, వత్తన్నారు, అందరూ ఉన్నారు," అన్నాడు. కాసేపటికి గోడ మలుపులో పైడయ్య బోటు కనబడింది. సొంత ఇంజనుతోనే వస్తోంది. చిట్టమ్మ వేలు చాపి మనుషుల్ని లెక్కపెట్టింది. ఆ తర్వాత బుట్ట మీద కూలబడి ఏడ్చింది. అప్పుడు ఏడ్చింది, అంతసేపూ ఏడవని మనిషి.

మా ఆయన దిగాక నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఒళ్ళంతా నూనె, ఉప్పు, వాంతి కంపు. ఆయన ఏదో చెప్పబోతున్నాడు. నేనూ చెప్పబోతున్నాను. ఆఖరికి ఆయనే అన్నాడు.

"మన డబ్బులు ఈ కలాసీలే ఎప్పుడో ఇచ్చీసేరంట, రోజీ."

సముద్రంలో ఏం జరిగిందో ఆ తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. వీళ్ళు వెళ్ళేసరికి పైడయ్య బోటు అలలకు అడ్డంగా తిరిగిపోయి ఉందట. కాలిన వాసన రాగానే పైడయ్య ఇంజను ఆపేశాడు కాబట్టి సరిపోయింది, ఇంకాస్త నడిపి ఉంటే అది మళ్ళీ తిరిగేది కాదు. లంగరు నేలకు అందలేదు. గాలి వాళ్ళను సముద్రం లోపలికే తోసుకుపోతోంది. కలాసీలు కర్రకు ఎర్రచొక్కా కట్టి ఎగరేస్తున్నారు. ఈయన్ను నడుముకు తాడు కట్టి ఒక బోటులోంచి ఇంకో బోటులోకి లాగారట. ఆ లాగినప్పుడు కాళ్ళ కింద ఏముందో తాను చూడలేదన్నాడు.

ఇంజను గదిలో పైడయ్య టార్చి పట్టుకున్నాడు. ఈయన గొట్టాల్లోంచి రబ్బరు తునకలు ఒక్కొక్కటే లాగుతూ, మధ్య మధ్య డబ్బాలో కక్కుకుంటూ పనిచేశాడు. కొత్తగా చేసిన పంపు రబ్బరు అప్పుడే ఎలా విరిగిందని పైడయ్య అడిగాడు. ఈయన చెప్పేశాడు. చెప్పినప్పుడు టార్చి వెలుగు కదల్లేదట. పైనుంచి విన్న కలాసీ ఒకడు దూకి ఈయన మెడ పట్టుకున్నాడు.

"ముందు ఇంజను తిరగనీ, తరవాత కొట్టుకో," అన్నాడు పైడయ్య. ఆ తర్వాత నెమ్మదిగా వాటాల సంగతి చెప్పాడు.

ఇంజను తిరిగింది. ఎవరూ కొట్టలేదు. గంజి పోసి ఈయనకూ ఇచ్చారు. కొట్టి ఉంటే బాగుండేదని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

తిరిగొచ్చిన రెండోరోజు ఏడుగురూ వెళ్ళి అచ్యుతరామయ్యగారి గేటు ముందు కూర్చున్నారు. ఫ్రాన్సిస్ డబ్బు ఫ్రాన్సిస్‌కి ఇచ్చేదాకా బోటెక్కేది లేదన్నారు. ఇవ్వబోతున్నాననీ, ఈలోగా వీళ్ళే తొందరపడ్డారనీ ఆయన అన్నాడట. ఇచ్చాడు, అదీ గొంతు పెంచకుండానే. షాపువాడి బాకీ తీరింది. ఆ వేట పోయిన నష్టం కింద మా ఆయన కొంత తీసి పైడయ్యకు ఇవ్వబోతే, అతను పుచ్చుకోలేదు. కానీ సంగతి హార్బరంతా పాకింది. ఇద్దరు ఓనర్లు ఇచ్చిన పని వెనక్కి తీసుకున్నారు. తీసుకోకపోతేనే ఆశ్చర్యం.

వాయుగుండం దాటిపోయి హెచ్చరిక దించాక, బోటు కదిలేముందు ఇంజను ఒకసారి చూడమని పైడయ్య కబురు పెట్టాడు. మా ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి, జెట్టీ అంచున, సరిగ్గా ఇంజను గది పైన, చిట్టమ్మ కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ కూర్చుందట. ఆరోజు చేపలకు వెళ్ళలేదు. ఇంజను గురించి ఆమెకు నాకు తెలిసినంతే తెలుసు, అంటే ఏమీ తెలియదు. అయినా ఆయన బిగిస్తున్న ప్రతిదాన్నీ రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆయన పైకి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయిందమ్మా."

"నా మనిసి ఎల్తన్నాడు. నీ మనిసి మీద ఒట్టేసి సెప్పు."

మాలో ఒట్లు పెట్టరు. చర్చిలో ఫాదర్ వద్దంటారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను క్యారేజీ కింద పెట్టి ఆయన ముందుకు వెళ్ళి తల వంచాను. నూనె చేయి నా నెత్తి మీద పడింది.

"అన్నీ కొత్తయ్యే ఏసాను. ఒట్టు," అన్నాడు.

చిట్టమ్మ ఆయన మొహం చూడలేదు, ఆ చేతినే చూసింది. తర్వాత పైడయ్యకు తల ఊపింది. కలాసీలు తాళ్ళు విప్పారు. బోటు గోడ మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా మా ముగ్గురిలో ఎవరమూ అక్కణ్ణుంచి కదల్లేదు.